పిక్కలు బలిసిన పిల్లవాడు

తెలుగు ఎమ్మే చదివి కాలేజీలో పాఠాలు చెప్పుకునేవాడి దగ్గరకు వూళ్ళోవాళ్ళు మామూలుగా మూడు పనులమీద వస్తారు. పుట్టిన బిడ్డకు కొత్తరకం పేరు కావాలి; శుభలేఖలో తప్పులు దిద్దాలి; పోయిన పెద్దాయన మీద నాలుగు పద్యాలు కట్టిపెట్టాలి. ఈ మూడూ నాకు అలవాటైన పనులే. పోయిన మాఘమాసంలో నాలుగో రకం పని ఒకటి వచ్చి మా అరుగుమీద కూచుంది.

సాయంకాలం ఆరు గంటల వేళ. ఒక ముసలమ్మ, ఆమె కోడలు, వాళ్ళ వెనకాల తొమ్మిదేళ్ళ పిల్లవాడు. వాళ్ళది మా అల్లూరుకు నాలుగు మైళ్ళ దూరంలో వున్న పల్లె. వరి మళ్ళున్నాయి, ఈమధ్య ఒక రొయ్యల గుంట కూడా తవ్వారు. పిల్లవాడి అక్క మా కాలేజీలోనే డిగ్రీ రెండో యేడు చదువుతున్నది. అదీ నాకూ వాళ్ళకూ వున్న పరిచయం. ముసలమ్మ చేతిలో ప్లాస్టిక్ కవరు, దాన్నిండా కాగితాలు.

"అయ్యోరా, మద్రాసు పోయి రక్తం ఇచ్చొచ్చినాం. నెల దాటినాక ఈ కాయితం పంపినారు. అంతా ఇంగిలీషు. ఆ డాక్టరయ్య సగం అరవం, సగం ఇంగిలీషు చెప్పినాడు. మేం తలకాయ వూపి వచ్చేసినాం. ఏం రాసుండాదో మీరు చదివి చెప్పండి."

నేను తిక్కనగారిని చదువుకున్నవాణ్ణే గాని వైద్యం చదువుకున్నవాణ్ణి కాదమ్మా అంటే వినిపించుకోలేదు. ఇంగ్లీషు అక్షరం వచ్చినవాడికి యే ఇంగ్లీషైనా రావాలన్నది ఆమె న్యాయం. సరే, కాగితాలు అందుకున్నాను. ఈలోగా కోడలు, "నాయనా, సారుకు నమస్కారం పెట్టు" అన్నది. పిల్లవాడు అరుగుమీద చతికిలబడి వున్నాడు. లేచాడు. ఆ లేవడం చూసిన తర్వాత నాకు కాగితం చదివే ధైర్యం సగం పోయింది.

ముందు బోర్లా తిరిగి రెండు చేతులూ నేలమీద ఆనించాడు. తర్వాత పిరుదులు పైకెత్తాడు. ఒక చెయ్యి మోకాలిమీద వేశాడు, రెండో చెయ్యి రెండో మోకాలిమీద, అక్కడినుంచి తొడలమీదికి. అట్లా తన వొంటినే తాను నిచ్చెనలాగా యెక్కి నిలబడ్డాడు. ఇంత చేసీ నవ్వుతూ దణ్ణం పెట్టాడు. పిల్లవాడు ఇట్లా లేవడాన్ని 1879లో గవర్స్ అనే ఇంగ్లీషు వైద్యుడు వర్ణించి పెట్టాడట. ఇప్పటికీ దానికి ఆయన పేరే. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

"మూడో యేట నించీ పడతానే వున్నాడు. కానీ పిక్కలు చూడండి అయ్యోరా, పైల్వాను పిక్కలు!" అన్నది ముసలమ్మ, కొంచెం గర్వంగానే. నిజమే, పిక్కలు బండరాళ్ళలాగా వున్నాయి. ఆ బలుపు కండ బలుపు కాదని, చచ్చిన కండ చోటులో కొవ్వూ నారా పెరిగిన బలుపని కోడలికి అప్పటికే తెలుసుననుకుంటాను. ఆమె నేల చూపులు చూస్తున్నది.

ఈ యింట్లో ఆరేళ్ళుగా జరిగిన కథ వినండి. మొదట దిష్టి అన్నారు. పోలేరమ్మకు మొక్కుకున్నారు. తర్వాత ఒక చోట రక్తపరీక్ష చేస్తే లివరు అంకెలు మూడింతలున్నాయన్నారు. కామెర్లని ఖాయం చేసి, యేడాదిన్నర పథ్యం, ఆకుపసరు, ఉప్పులేని కూడు. కళ్ళు పచ్చబడలేదేమని యెవరూ అడగలేదు. లివరు పరీక్షలో చూసే ఆ రెండు ఎంజైములూ కండలో కూడా వుంటాయట. కండ చెడినా రక్తంలో పెరుగుతాయట. ఇట్లా లేని కామెర్లకు మందు మింగిన కండజబ్బు పిల్లలు దేశదేశాల్లోనూ వున్నారు. చివరకు నెల్లూరులో ఒక కుర్ర డాక్టరు పిల్లవాణ్ణి నేలమీద కూచోబెట్టి లేవమన్నాడు. లేచేసరికి సీపీకే అనే పరీక్ష రాశాడు. రెండు వందల లోపు వుండవలసిన అంకె పన్నెండు వేలు వచ్చింది. "ఇది తల్లివైపునుంచి మగపిల్లలకు వచ్చే జబ్బు కావచ్చు" అని, పెద్ద వూరికి వెళ్ళి జన్యుపరీక్ష చేయించుకోమన్నాడు.

ఆయన "కావచ్చు" అన్నాడు. ఇంటికి వచ్చేసరికి ఆ "కావచ్చు" పడిపోయింది. "తల్లివైపు" మిగిలింది. ఆనాటినుంచి ఆ యిల్లాలికి నిద్రాహారాలు లేవు. "నీ పుట్టింటి జబ్బు నా కొడుకు కొంపలో పెట్టినావు" అన్న మాట రోజుకొకసారైనా వినవలసిందే. ఈ మాట నాకు ముసలమ్మ ముందర యెవరూ చెప్పలేదు. మా విద్యార్థిని మర్నాడు కాలేజీలో చెప్పింది.

రెండు రోజులు గడువు అడిగి కాగితాలు నా దగ్గరే వుంచుకున్నాను. మా జువాలజీ లెక్చరరుగారిని పట్టుకుని, ఆయన పాత పుస్తకాలూ కొత్త వ్యాసాలూ తెప్పించుకుని కూచున్నాను. భాషవాణ్ణి గనక ముందు మాటలమీద పడ్డాను. ఈ జబ్బుకు ఇంగ్లీషువారి పేరు మస్క్యులర్ డిస్ట్రోఫీ. గ్రీకులో "ట్రొఫే" అంటే పోషణ, "డిస్" అంటే మన "దుస్" లాంటిదే. అంటే దుష్పోషణ! పందొమ్మిదో శతాబ్దంలో పెట్టిన ఈ పేరు తల్లికి యెంత అన్యాయం చేస్తున్నదో చూడండి. తిండి సరిగ్గా పెట్టకనే అని జబ్బు పేరులోనే నేరం మోపి వుంది. మన "కండరాల క్షీణత" వెయ్యిరెట్లు నయం. క్షీణించినదని చెబుతుందే గాని యెవరివల్లనో చెప్పదు.

ఈ జబ్బును మొదట బాగా పరీక్షించినవారిలో ఎడ్వర్డ్ మెరియన్ అనే లండను వైద్యుడున్నాడు. ఒకే యింటి అన్నదమ్ములు వరుసగా ఇట్లా నడక పోగొట్టుకోవడం చూసి, చనిపోయిన పిల్లవాడి కండను మైక్రోస్కోపు కింద పెట్టి, 1851 డిసెంబరులో లండను వైద్యుల సభలో వ్యాసం చదివాడు. వెన్నుపాము బాగానే వుంది, నరాలు బాగానే వున్నాయి. కండపోగు మీది పొర మాత్రం చిరిగి చెడిపోయింది అన్నాడు. ఆ పొర పేరు సార్కోలెమ్మా. ఇదీ గ్రీకే, సార్క్ అంటే మాంసం, లెమ్మా అంటే పొట్టు. మాంసపు పొట్టు. వడ్లు పండించే మన జిల్లావారికి ఇంతకన్నా తేలికైన మాట లేదు. పాపం, మెరియన్ మాట యెవరూ పట్టించుకోలేదు. పదిహేడేళ్ళ తర్వాత 1868లో ఫ్రాన్సు దేశపు డుషేన్ పదమూడుమంది పిల్లల సంగతులు వివరంగా రాశాడు, పేరు ఆయనకు దక్కింది. డుషేన్ సముద్రపు వొడ్డున బులోన్ రేవులో ఓడలవారి యింట పుట్టినవాడు. తండ్రి ఓడ యెక్కమంటే ఈయన వైద్యం పట్టాడట. బతికివున్న మనిషి కండలోంచి చిన్న ముక్క తీసి చూడడానికి సూదిలాంటి పనిముట్టు కూడా తయారుచేసుకున్నాడు.

పొట్టు చెడితే అంకె యెందుకు పెరగాలి? ఇక్కడ మనవాడొకడు కథలోకి వస్తాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో ఫిస్కే అనే ఆయనతో కలిసి పనిచేస్తూ, కండ తన శక్తిని యే రూపంలో దాచుకుంటుందో 1927లో బయటపెట్టారు. దాని పేరు ఫాస్ఫోక్రియాటిన్. కండ బిగిసినప్పుడు అది తగ్గుతుంది, విశ్రాంతిలో మళ్ళీ నిండుతుంది. రెండేళ్ళకు ఏటీపీ అనే మరో పదార్థాన్ని కూడా వారు వేరుచేశారు. మొదటిదానినుంచి రెండోదానికి శక్తిని అందించే ఎంజైము ఒకటుంది. దాని పేరే క్రియాటిన్ కైనేజు, లాబొరేటరీ కాగితంలో సీపీకే. ఇది కండ లోపల వుండవలసినది, రక్తంలో దానికి పనిలేదు. పొట్టు చిరిగితే కారుతుంది. 1959లో ఎబాషి అనే జపాను శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఈ జబ్బువారి రక్తంలో అది యెక్కువగా వుందని చూపారు. ఆనాటినుంచి ఆ పరీక్ష ప్రపంచమంతా చేస్తున్నారు. నెల్లూరులో ఆ కుర్ర డాక్టరు రాసిన చీటీ వెనక భీమవరం పిల్లవాడి చెయ్యి వున్నది. నాకిది తెలిసిన రాత్రి చాలాసేపు సంతోషించాను, మర్నాడు మా క్లాసులో చెబితే, "పరీక్షకు వస్తుందా సార్?" అన్నాడొకడు.

ఇక పొట్టు యెందుకు చిరుగుతుంది? ఈ ప్రశ్నకు జవాబు 1986, 87 దాకా దొరకలేదు. బోస్టనులో కుంకెల్ అనే ఆయన బృందం జబ్బుకు మూలమైన జన్యువును ముందు పట్టుకుని, ఆ తర్వాత అది తయారుచేసే ప్రోటీనును పట్టుకున్నారు. డిస్ట్రోఫిన్ అని పేరు పెట్టారు. మనిషికున్న జన్యువులన్నిటిలోకీ పెద్దవాటిలో ఒకటి అది. ఇరవై లక్షల పైచిలుకు అక్షరాలు, 79 ఖండాలు. దానినొకసారి యెత్తి రాసుకోవడానికి కణానికి పదహారు గంటలు పడుతుందట. మహాభారతమంత గ్రంథంలో అచ్చుతప్పులు పడడానికి చోటెక్కువ, అదీ బాధ. ఆ జన్యువు ఎక్స్ అనే క్రోమోజోము మీద వుంది. ఆడవారికి ఎక్స్‌లు రెండు గనక ఒకటి చెడినా రెండోది కాపాడుతుంది. మగవాడికి ఒక్కటే, అదీ తల్లి ఇచ్చింది. డుషేన్ పేరిటి జబ్బు తల్లివైపునుంచి మగపిల్లలకు రావడం ఇందువల్లనే. అయినా అటువంటి పిల్లల్లో సుమారు మూడోవంతు మందికి తల్లి దగ్గర కూడా తప్పు వుండదు; బిడ్డ దగ్గర కొత్తగా పుట్టిన తప్పు అది.

అయితే మా పిల్లవాడి కాగితంలో డిస్ట్రోఫిన్ అన్న మాట పక్కన "బాగున్నది" అని వుంది. కింద వేరే పేరు. ఆల్ఫా సార్కోగ్లైకాన్.

నేను దీన్ని అర్థంచేసుకున్న పద్ధతి చెబుతాను. ఇప్పుడు మన తీరంలో అన్నీ ఫైబరు బోట్లే గాని, మా చిన్నతనంలో తెప్పలుండేవి. నాలుగైదు దుంగలు పక్కపక్కన పేర్చి తాడుతో కట్టేవారు. మేకు కొట్టేవారు కాదు. అలమీద పడినప్పుడు దుంగలు కాస్త కదలాలి, కదిలీ విడిపోకూడదు. ఆ నేర్పు తాడుది. తాడు పురిపోతే దుంగ యెంత గట్టిదైనా ఒక్క పెద్ద అలకు తెప్ప విచ్చిపోతుంది. కండపోగు సంగతీ అంతే. పోగు లోపల బిగిసే యంత్రం వుంది. పోగు బయట దాన్ని పట్టుకునే నారల పాన్పు వుంది. మధ్యన పల్చని పొట్టు. కండ బిగిసినప్పుడల్లా పొట్టు మీద అల కొడుతుంది. లోపలి యంత్రాన్నీ బయటి పాన్పునూ పొట్టుగుండా కలిపి కట్టే తాళ్ళ కట్ట ఒకటుంది. లోపలి కొస డిస్ట్రోఫిన్. ఆ తర్వాత పొట్టును దాటి బయటికి వెళ్ళేవి డిస్ట్రోగ్లైకాన్లు. ఆ ముడి జారకుండా పొట్టులోనే నిలిచి పట్టుకునేవి నలుగురు అక్కచెల్లెళ్ళు: ఆల్ఫా, బీటా, గామా, డెల్టా సార్కోగ్లైకాన్లు.

అమెరికాలో అయోవాలో కాంప్‌బెల్ అనే ఆయన 1989 ప్రాంతాలనుంచి ఈ తాళ్ళ కట్టను ఒక్కొక్క పోగే విప్పి చూపాడు. ఉత్తర ఆఫ్రికాలో ట్యునీషియా, అల్జీరియా దేశాల్లో డుషేన్ జబ్బులాగే కనబడేది, ఆడపిల్లలకు కూడా వచ్చేది ఒకటుండేది. 1992లో అల్జీరియా పిల్లల కండలో ఈ తాళ్ళలో ఒకటి లోపించిందని పట్టుకున్నారు. దానికి అదాలిన్ అని పేరు పెట్టారు. అరబ్బీలో "అదల్" అంటే కండ. యెంత చక్కని పేరు! రోగుల భాషలోనుంచి తీసుకున్నారు. తర్వాత పండితులు చేరి దాన్ని ఆల్ఫా సార్కోగ్లైకాన్ చేశారు. 1994లో ఆ జన్యువులోని తప్పు కూడా దొరికింది. ఇది డిస్ట్రోఫిన్ పక్కన చాటుపద్యమంత. ప్రోటీనులో 387 ముక్కలు, జన్యువు పదివేల అక్షరాల పరిమాణం, పదిహేడో క్రోమోజోము మీద. "కూర" అనవలసిన చోట "కోర" పడినంత తప్పు చాలు. ఐరోపావారిలో యెక్కువగా కనబడేది 77వ ముక్కలో తప్పు; మావాడి కాగితంలో అంకె వేరు. వింతేమంటే, అట్లా తప్పుపడిన ప్రోటీను కొన్నిసార్లు పని చెయ్యగలదే. కణంలో తనిఖీదారులుంటారు, కాస్త వంకర కనబడితే బయటికి పోనివ్వకుండా నాశనం చేస్తారు. ఒక చెల్లెలు రాకపోయేసరికి మిగతా ముగ్గురూ పొట్టుమీద సరిగ్గా నిలవరు. కట్ట మొత్తం వదులు. అల కొడుతూనే వుంటుంది.

పదిహేడో క్రోమోజోము ఆడవారికీ మగవారికీ రెండేసి వుంటాయి. రెండు ప్రతుల్లోనూ తప్పుంటేనే జబ్బు. అంటే ఒక ప్రతి తల్లి ఇవ్వాలి, రెండో ప్రతి తండ్రి ఇవ్వాలి. కాగితం చివరి పేజీలో ఆ మాటే వుంది: పిల్లవాడికి రెండు ప్రతుల్లోనూ ఒకటే తప్పు, తల్లి దగ్గర ఒకటి, తండ్రి దగ్గర ఒకటి.

రెండో రోజు సాయంకాలం వాళ్ళు వచ్చారు. ఈసారి పిల్లవాడి తండ్రి, మా విద్యార్థిని కూడా వున్నారు. నేను పాఠం చెప్పే అలవాటు చొప్పున తెప్ప కథంతా చెప్పి, కాగితం చివరి మాటకు వచ్చాను. తండ్రి తలవంచుకుని విన్నాడు. ముసలమ్మ వెంటనే, "మావాడికేం, రాయిలాగుండాడు. వాడిదగ్గిర జబ్బు యాడిది?" అన్నది.

"ఒక ప్రతి చెడినంత మాత్రాన మనిషికేమీ కాదమ్మా. మీ అబ్బాయీ రాయిలాగే వున్నాడు, కోడలూ రాయిలాగే వుంది. ఇద్దరిదీ ఒకటే తప్పు. ఇద్దరూ చుట్టాలేనా?"

"చుట్టాలేందయ్యోరా, సొంత మేనరికం! ఈ పిల్ల మా అన్న కూతురే!"

ఆ మాట అన్నది, ఆగింది. నేనేమీ అనలేదు. మా విద్యార్థిని మాత్రం నెమ్మదిగా, "అట్లయితే జేజీ, అమ్మ పుట్టిల్లూ నీ పుట్టిల్లూ ఒకటే గదా" అన్నది. అన్నకు వచ్చిందీ చెల్లెలికి వచ్చిందీ వాళ్ళ తల్లిదండ్రుల్లో ఒకరినుంచి వచ్చి వుండాలి. అన్న కూతురికిచ్చాడు, చెల్లెలు కొడుక్కిచ్చింది, మనవడి దగ్గర రెండూ కలిశాయి. ముసలమ్మ చాలాసేపు మాట్లాడలేదు. కొంగుతో మొహం తుడుచుకున్నది. ఆ తర్వాత కోడలి వైపు తిరిగి, "రేత్రి నించీ కాఫీ గూడా తాగలేదు గదమ్మే నువ్వు" అన్నది. మా యింటామె లేచి లోపలికి వెళ్ళింది.

మేనరికాలను తిట్టే వ్యాసాలు నాకు నచ్చవు. వందమంది మేనరికం దంపతుల్లో అత్యధికుల పిల్లలు ఆరోగ్యంగానే వుంటారు. ఆస్తీ ఆదరణా తెలిసిన యింటినుంచి వస్తాయని మనవాళ్ళు చేసుకున్నారు, ఊరికే చేసుకోలేదు. కాని లెక్క లెక్కే. పిఠాపురంవారు ద్రోణంరాజు కృష్ణారావుగారు 1957లో మన దేశానికి వచ్చి స్థిరపడిన జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యులై, మీరాఖాన్‌గారితో కలిసి 1960 తర్వాతి తొలి యేళ్ళలోనే ఆంధ్రదేశపు దగ్గరి పెళ్ళిళ్ళమీద పరిశోధన చేసి ప్రకటించారు. (చెవుల మీది వెంట్రుకల గురించి కూడా కృష్ణారావుగారు రాశారు. మా మేనమామ చెవులు చూసినప్పుడల్లా నాకు ఆయన గుర్తుకొస్తారు.) లెక్క ఇదీ: ఒక మనిషి దగ్గర చెడిన ప్రతి వుంటే, అతని మేనమామ కూతురి దగ్గర అదే ప్రతి వుండే అవకాశం ఎనిమిదింట ఒకటి. అక్క కూతురైతే నాలుగింట ఒకటి. బయటి పిల్లయితే, ఇంత అరుదైన జన్యువు సంగతిలో, చాలా చాలా తక్కువ.

ఈ లెక్క ఆనాడు అరుగుమీద ఊరికే రాలేదు. మా విద్యార్థినిని ఆమె సొంత మేనమామకే, అంటే తల్లి తమ్ముడికే, ఇవ్వాలని రెండేళ్ళుగా అనుకుంటున్నారు. కుర్రవాడు కృష్ణపట్నం రేవులో వుద్యోగం, బుద్ధిమంతుడు. తండ్రి అసలు ఆనాడు వచ్చింది ఆ ప్రశ్నకే. "సారూ, దాన్ని వాడికియ్యొచ్చునా?"

ఇక్కడే నేను రెండు జబ్బుల తేడా చూసి ఆశ్చర్యపోయింది. బయటికి అవళికవళిక. లేవడం ఒకటే, పిక్కలు ఒకటే, సీపీకే ఒకటే. కాని పెళ్ళి దగ్గరకు వచ్చేసరికి సలహా తలకిందులు. అది డిస్ట్రోఫిన్ జబ్బే అయివుంటే, ఆరోగ్యంగా వున్న మేనమామ దగ్గర ఆ తప్పు వుండనే వుండదు. వుంటే యెప్పుడో మంచం పట్టేవాడు. అతన్ని చేసుకున్నా బయటివాణ్ణి చేసుకున్నా పిల్లకు ప్రమాదం ఒకటే, తన దగ్గర వున్నంతే. సార్కోగ్లైకాన్ జబ్బులో అట్లా కాదు. ఆరోగ్యంగా వున్న అక్క దగ్గర ఒక చెడిన ప్రతి వుండే అవకాశం మూడింట రెండు. మేనమామ దగ్గర సగానికి సగం. ఇద్దరి దగ్గరా వుంటే ప్రతి కాన్పుకూ నాలుగింట ఒకటి. మూడూ గుణిస్తే పన్నెండింట ఒకటి. బయటి సంబంధమైతే ఈ అంకె నూటికీ వెయ్యికీ అవతల యెక్కడికో పోతుంది. పరీక్ష పేరు తప్పు పడితే, తప్పు సలహా మీద ఒక పెళ్ళి జరిగిపోయి వుండేది, లేదా ఊరికే ఆగిపోయి వుండేది.

"పన్నెండింట ఒకటి అన్నది తెలియనప్పటి లెక్క" అన్నాను. "తప్పు యెక్కడుందో కాగితంలో వుంది గనక, పిల్లదీ కుర్రవాడిదీ రక్తం పంపితే వుందా లేదా అని తేలుస్తారు. హైదరాబాదులో సీడీఎఫ్‌డీ అనే కేంద్రప్రభుత్వ సంస్థ వుంది, బేగంపేటలో ఉస్మానియావారి జన్యురోగాల ఆసుపత్రి వుంది, వెల్లూరు వుంది. ఇద్దరిలో ఒక్కరి దగ్గర లేకపోయినా ఈ జబ్బు భయం లేదు."

మందు వుందా అని కోడలు అడిగింది. ఆరోజు ఆమె నన్ను అడిగిన మాట అదొక్కటే. డిస్ట్రోఫిన్ జబ్బుకు స్టిరాయిడు మాత్రలు నడకను కొన్నేళ్ళు పొడిగిస్తాయి. సార్కోగ్లైకాన్ సంగతిలో అంత రుజువు లేదు. జన్యువునే ఇంజెక్షనుగా ఇచ్చే మందు డుషేన్ జబ్బుకు 2023లో అమెరికాలో అనుమతి పొందింది, ధర ముప్పైరెండు లక్షల డాలర్లు. 2025లో ఆ మందు పుచ్చుకున్న ఇద్దరు కుర్రవాళ్ళు లివరు చెడి మరణించారు. ఆల్ఫా సార్కోగ్లైకాన్ కోసం జరిగిన అటువంటి ప్రయోగంలోనూ ఒక పెద్దవయసు మనిషి పోయాడు. ఇవన్నీ నేను చెప్పలేదు. "ఇంకా లేదమ్మా, వెతుకుతున్నారు" అన్నాను. మడమలు బిగుసుకుపోకుండా రోజూ సాగదీయించడం, గుండె, వూపిరి యేటా చూపించడం, చేతకాని పరుగులు పెట్టించకపోవడం: డాక్టరు కాగితంలో వున్నవి చదివి చెప్పాను.

ఒక్కటి మాత్రం రెండుసార్లు చెప్పి, అట్టముక్క మీద తెలుగులో రాసి ఇచ్చాను. పిల్లవాడికి యెప్పుడైనా ఆపరేషను చెయ్యవలసి వస్తే, మత్తు ఇచ్చే డాక్టరుకు ఈ జబ్బు సంగతి ముందే చెప్పాలి. కండలు వదులు చెయ్యడానికి వాడే సక్సినైల్ కోలిన్ అనే మందు చెడిన కండనుంచి పొటాషియాన్ని ఒక్కసారిగా రక్తంలోకి వదిలి గుండె ఆపగలదు. (ఇదే మందుతో మన తెలుగు వైశ్యులలో కొందరికి వేరే చిక్కు వుంది, దాన్ని విరిచే ఎంజైము పుట్టుకతోనే లోపించి, మత్తు దిగినా వూపిరి కండలు గంటలతరబడి లేవవు. హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రజ్ఞులు కూడా పాల్గొన్న 2017 పరిశోధనలో, మిగతా జనాలకన్నా వారిలో ఈ లోపం వంద రెట్లు యెక్కువని తేలింది. ఈ పేజీ చదివే వైశ్యసోదరులు కూడా మత్తు డాక్టరుతో ఒక మాట అనుకుంటే నష్టం లేదు.)

డబ్బు సంగతి కూడా మాట్లాడుకున్నాం. 2016 చట్టంలో కండరాల క్షీణతను వికలత్వాల జాబితాలో పేరుపెట్టి చేర్చారు. మన రాష్ట్రంలో 2024 జూలైనుంచి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. ఈ జబ్బు ముదిరి చక్రాల కుర్చీకో మంచానికో అంటుకుపోయినవారికి 15,000. సదరం సర్టిఫికెట్ కావాలి. "ఆ పదహైదు వేలు మాకు రాకుండా వుంటే బాగుండు" అన్నాడు తండ్రి. అతను ఆనాడు అన్న రెండో మాట అది.

వెళ్ళేటప్పుడు పిల్లవాడు మళ్ళీ అరుగుమీదనుంచి లేవవలసి వచ్చింది. తండ్రి చెయ్యి అందించబోతే తల్లి వద్దన్నట్టు కళ్ళతో చెప్పింది. వాడు బోర్లా తిరిగి, చేతులు ఆనించి, మోకాళ్ళు, తొడలు, ఒక్కొక్క మెట్టే యెక్కి నిలబడ్డాడు. ముసలమ్మ ఈసారి పిక్కల మాట యెత్తలేదు. చెప్పులు తెచ్చి వాడి కాళ్ళముందు పెట్టింది.

పోయిన వారం మా విద్యార్థిని క్లాసు అయిన తర్వాత ఆగి, తనూ మేనమామా హైదరాబాదు వెళ్ళి రక్తం ఇచ్చి వచ్చామన్నది. మేనమామ తనంతట తనే సెలవు పెట్టి వచ్చాడట. కాగితం రావడానికి ఇంకా మూడు వారాలు పడుతుంది. "ఈసారి ఇంగ్లీషు మేమే చదువుకుంటాం సార్" అన్నది. మళ్ళీ రెండడుగులు వేసి వెనక్కి వచ్చి, "జేజి మాత్రం మీ దగ్గరికే తెమ్మంటున్నది" అన్నది.